లేవని వదినకి మార్కులు

మా అత్తయ్య సినిమాలో శవం. వెక్కిరింపు కాదు, ఆవిడ వేసిన వేషమే అది. "లేవని వదిన" అని మా ఊళ్ళో పిల్లా పెద్దా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూసిన పాత దెయ్యం సినిమా ఒకటుంది. మొదటి నుంచి చివరిదాకా నడిగదిలో మంచం మీద వదిన శవం ఉంటుంది. ఇప్పుడు లేస్తుంది, అదిగో లేస్తోంది అని ఇంట్లోవాళ్ళూ హడలి చస్తుంటారు, చూసేవాళ్ళూ హడలి చస్తుంటారు. ఆవిడ మాత్రం లేవదు. అంతే కథ. ఆ లేవనావిడే మా నాన్న చెల్లెలు.

ఆ సినిమాకి మేకప్ వేసింది మా మావయ్య. అప్పటికే ఆయన అత్తయ్యకి మొగుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. పెళ్ళికెళ్ళినా పరామర్శకెళ్ళినా ఆయనది ఒకటే పాట: "అది పడుకుంది, అంతే. నటించిందంతా నా పౌడరు." జనం పగలబడి నవ్వేవాళ్ళు. అత్తయ్య కూడా నవ్వేది, పైకి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నేను సినిమా హాల్లో టిక్కెట్ల కౌంటరులో కూర్చుంటాను. కొన్ని ఆదివారాలు పొద్దున పూట ఆ హాల్లో పాత సినిమాల సంఘం కూడుతుంది. ఏడాదికోసారి ఒక పాత సినిమా వేసి, అందులో ఒకరి నటనకి మార్కులిస్తారు. నెగ్గినవాళ్ళ ఫోటో వరండాలో గోడకెక్కుతుంది. మేకప్ గొప్పతనానికని మావయ్య ఫోటో ఎప్పుడో ఎక్కించారు. చేతిలో బ్రష్షు పట్టుకుని రాజ్యం గెలిచినట్టు నిలబడి ఉంటాడు. ఈ ఏడు "లేవని వదిన" వేస్తున్నారని తెలియగానే నేనే వెళ్ళి అత్తయ్య పేరిచ్చాను.

"ఫోటో ఎవడిక్కావాలే," అంది అత్తయ్య. ఇస్త్రీ చేస్తోంది, అదీ ఆయన చొక్కాయే. "ఆయన నోటితో ఒక్కసారి 'నటించావే' అంటే చాలు నాకు. ఆ మాట వినకుండానే పోతానేమోనని బెంగ."

"పరీక్ష నెగ్గితే అనక ఛస్తాడా!" అన్నాను. పెద్దాయన్ని పట్టుకుని అలా అనకూడదు, నిజమే. కానీ అన్నాను.

పరీక్షంటే, ఈ సంఘానికి ఒక పిచ్చి నియమం ఉంది. తెర మీద చూసింది చాలదట. మేకప్పు, లైట్లు, సంగీతం అన్నీ మోసం చేస్తాయట. అందుకని నటించినవాళ్ళు బతికుంటే, సబ్బుతో మొహం కడుక్కుని, ఇంటి బట్టలతో వచ్చి, అందరి ముందూ అదే సీను మళ్ళీ చేసి చూపించాలి. కిందటేడు ఒక పాత విలన్ గారు ఇలాగే వచ్చి సంఘం కోశాధికారి పీక పట్టుకున్నారు. విలన్ గారికి ఫుల్ మార్కులొచ్చాయి. కోశాధికారి మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

సరే, ఆ ఆదివారం సినిమా అయింది, లైట్లు వెలిగాయి, న్యాయనిర్ణేతలిద్దరూ వాదన అందుకున్నారు. ఒకరు పళ్ళ డాక్టరు, సంఘానికి అధ్యక్షుడు. ఇంకొకరు రిటైరైన లెక్కల మాస్టారు.

"నా అనుమానం ఒకటే," అన్నాడు డాక్టరు. "ఆవిడ నటించిందా, నిద్రపోయిందా? నిద్రపోతే అది నటన కాదు, విశ్రాంతి."

"ఏదైతేనేం, జవాబు సరిపోయింది కదా," అన్నారు మాస్టారు.

"చేసిన పద్ధతి తప్పయితే మార్కులెలా ఇస్తామండీ? మీరిచ్చేవారా?"

మాస్టారు ఆలోచనలో పడ్డారు. "సగం ఇచ్చేవాణ్ణి."

"చావులో సగమేమిటండీ మాస్టారూ!" అని నేను వెనక నుంచి అరిచాను. నన్ను కూర్చోమన్నారు.

తర్వాత ఈగ మీద పడ్డారు. ఒకచోట వదిన కనురెప్ప మీద ఈగ నడుస్తుంది. అత్తయ్య రెప్ప కదపలేదు, ఒప్పుకున్నారు. కానీ ఆమెకన్నా ఈగ నటనే సహజంగా ఉందని డాక్టరు పట్టుబట్టాడు. ఇంక మావయ్య ఊరుకుంటాడా? ముందు వరసలోంచి లేచి, "ఆ ఈగ కూడా నా చలవే! పౌడర్లో చక్కెర కలిపాను," అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. అత్తయ్య తలొంచుకుంది. ఆ క్షణాన నా చేతికి ఏది దొరికినా ఆయన నెత్తిన పడి ఉండేది.

పరీక్షకి వేళయింది. వేదిక మీద రెండు బల్లలు కలిపి వేశారు. అత్తయ్య మొహం కడుక్కుని వచ్చి, చెప్పులు విడిచి, బల్లెక్కి పడుకుంది. అసలు సీనులో మొగుడొచ్చి పెళ్ళాన్ని లేపుతాడు. ఆ వేషం వేసినాయన ఎప్పుడో పోయాడు. "సొంత మొగుడున్నాడుగా, రమ్మనండి," అన్నారు మాస్టారు. ఆవిడ శవం చెయ్యని పని ఏది చేసినా సున్నా అని డాక్టరు ప్రకటించాడు.

మావయ్య జేబుల్లో చేతులు పెట్టుకుని తాపీగా వేదికెక్కాడు. "లేవే, కాఫీ పెట్టు," అన్నాడు. జనం నవ్వారు. అత్తయ్య కదల్లేదు. "చూశారా, సందు దొరికితే చాలు, కునుకు తీస్తుంది." మళ్ళీ నవ్వులు. అత్తయ్య కదల్లేదు.

ఈసారి కాస్త వంగి చూశాడు. నేనూ చూశాను. పౌడరు లేదు, నీలం లైటు లేదు, ఏమీ లేదు. ఆ మొహంలోంచి మనిషి లేచి వెళ్ళిపోయినట్టుంది. అమ్మో! హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"ఏమే, చాల్లే," అన్నాడు. చెయ్యి పట్టుకుని ఎత్తి వదిలాడు. అది బల్ల అంచు మీంచి అలా వేలాడింది. "ఏమేవ్! నీ హాస్యం తగలెయ్య, లే!"

పళ్ళ డాక్టరు మొహం పాలిపోయింది. "ఎవరైనా డాక్టర్ని పిలవండి!" అని కేక పెట్టాడు.

"మీరే కదండీ డాక్టరు!"

"నాకు పళ్ళ వరకే తెలుసు!"

మావయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నేనేం పూయలేదే! ఆ సీను తీసిన రోజు పౌడర్ డబ్బా ఖాళీ. డైరెక్టరుకి చెప్తే పనిలోంచి తీసేస్తాడని ఉత్తి బ్రష్షు తిప్పాను నీ మొహం మీద. చక్కెరా లేదు, నా బొందా లేదు. అదంతా నువ్వేనే! నువ్వే నటించావే!"

వచ్చేసింది ఆ మాట! ఇంక లేస్తుందిలే అనుకున్నాను. అత్తయ్య లేవలేదు.

"ఆ రోజు నిన్ను అలా చూసి నాకు భయమేసిందే," అని ఆయన వెక్కుతూనే ఉన్నాడు. "ఇంటికొచ్చి నువ్వు గిన్నెలు కడుగుతుంటే వెనకాలే నిలబడ్డాను. అప్పట్నుంచి ఇప్పటిదాకా, నీ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోకుండా నేను నిద్రపోయిన రాత్రి లేదు. అది చెప్పుకోడానికి సిగ్గేసి, పౌడరని కోతలు కోశాను."

అత్తయ్య మూసిన కంటి కొసనుంచి నీళ్ళు జారి చెవి వైపు పోయాయి.

డాక్టరు చూశాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది ఆయనకి, దాంతోపాటే అధ్యక్ష పదవి కూడా గుర్తొచ్చింది. "ఏడ్చింది! శవం ఏడవడమేమిటి? సున్నా!"

"ఎవడ్రా సున్నా ఇచ్చేది!" మావయ్య ఎగిరి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "దాని నటన సంగతి నీకేం తెలుసురా, పళ్ళు పీక్కునేవాడా!" మాస్టారు ఇద్దరి మధ్యా దూరి, సగమైనా ఇద్దామని బతిమాలుతున్నారు.

అత్తయ్య కళ్ళు తెరవలేదు. "ఏవండీ, పాపం ఆయన్ని వదిలేయండి. సున్నా అయితే సున్నా," అంది. వేలాడుతున్న ఆ చేత్తోనే మావయ్య కోసం గాల్లో తడుముకుంది. "ఇలా రండి. ఆ ముక్కు సంగతి ఇంకోసారి చెప్పండి."