జ్వరం మందు, పదిహేడు నిమిషాలు

పోస్టు పదకొండు దాటాక గాని రాదు. అయినా లియాన్ పదింటి నుంచీ ముందుగదికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది. కెటిల్ పెట్టింది. నీళ్లు మరిగి చప్పుడు ఆగాక మళ్లీ పెట్టింది. కడిగిన కప్పులే కడిగి బోర్లించింది. వాళ్ల వీధి కొండవాలు మీద ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ కింది ఇళ్లతో మొదలుపెట్టి పైకి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అంతసేపూ అతని ఎర్ర జాకెట్టు కనబడుతూనే ఉంటుంది.

ఆమె చూస్తున్నది పోలీసు రికార్డు తనిఖీ చేసి పంపే కాగితం కోసం. స్కూల్లో పనిచేయాలంటే అది తప్పదు. అది స్కూలుకి వెళ్లదు, మనింటికే వస్తుంది. మనమే పట్టుకెళ్లి చూపించాలి.

తెల్లవారుజామునే బేకరీ పనికి వెళ్లి తొమ్మిదిన్నరకల్లా వచ్చేసే లియాన్, రెండేళ్లుగా ప్రతి గురువారం కూతురు చిన్నప్పుడు చదివిన ప్రైమరీ స్కూలుకి వెళ్తోంది. టీచరు ఎదురుగానే ఓ మూల కూర్చుని పిల్లల చేత పుస్తకాలు చదివిస్తుంది. నత్తి ఉన్న పిల్ల ఒకతె ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా నోరు విప్పదు. అది చూసే హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ ఫర్న్‌హిల్, టీచరుకి సాయంగా ఉండే ఉద్యోగం ఖాళీ అయితే దరఖాస్తు పెట్టమంది. ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం ఇచ్చారు. ఇక కాగితం రావడమే తరువాయి.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. కాలం చెల్లి రికార్డులోంచి పోని పాత కేసులు, పోలీసు హెచ్చరికలతో సహా, మీ మీద ఏమైనా ఉన్నాయా అని. లియాన్ లేవని గీత పెట్టింది. పన్నెండేళ్ల కిందట ఆమె ఒక హెచ్చరిక మీద సంతకం పెట్టింది. కాని బేకరీలో పనిచేసే డోనా, ఆరేళ్లు దాటితే అవన్నీ ఎగిరిపోతాయంది.

"మా ఆయనది పబ్బులో కొట్లాట. స్కూలు బస్సు నడపడానికి వెళ్తే కాగితం మీద ఒక్క ముక్క లేదు. నీదేమన్నా అంతకన్నా ఘోరమా ఏంటే?"

దరఖాస్తు పంపేశాక, దాని వెనకాల చిన్నక్షరాల్లో ఉన్నది చదివింది లియాన్. కొన్ని రకాలు ఎన్నేళ్లయినా పోవట. పిల్లల పట్ల నిర్లక్ష్యం వాటిలో ఒకటి.

ఆ రోజు పోస్ట్‌మ్యాన్ కవరు తెచ్చాడు. గుమ్మంలోనే చింపింది. కాగితమంతా ఖాళీగానే ఉంది, ఒక్క గడి తప్ప. అందులో తేదీ, నేరం పేరు, హెచ్చరిక అనే మాట. ఇంకేమీ లేదు.

అందులో వాన లేదు. నూట రెండు జ్వరంతో తెల్లార్లూ ఏడ్చి, అప్పుడే కారులో కన్నంటుకున్న రెండేళ్ల మార్నీ లేదు. నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక తలుపు తాళం వేసి, రెండు నిమిషాల్లో వద్దామని మందుల షాపులోకి పరిగెత్తడం లేదు. లోపల వరుస కదల్లేదు. ముందున్న ముసలాయన మందులు ఒక్కొక్కటే సరిచూసుకుంటున్నాడు. బయటికొచ్చేసరికి కారు దగ్గర పోలీసామె నిలబడి ఉంది. దారిన పోయే ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. పదిహేడు నిమిషాలని ఇద్దరూ లెక్క చెప్పారు.

లియాన్ సారీ అంది. పోలీసామెకి చెప్పింది, ఫోన్ చేసినావిడకి చెప్పింది, పేవ్‌మెంటు మీద తను అడ్డొచ్చిన మనిషికి కూడా చెప్పింది. ఆ ఊళ్లో ఎవరైనా మన కాలు తొక్కితే మనమే సారీ అంటాం. ఆలోచన కన్నా ముందు ఆ మాట వస్తుంది. స్టేషన్లో లాయరు కావాలా అని అడిగితే, ఆదివారం పూట ఎవర్నో ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకుని వద్దంది. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే కోర్టు ఉండదు, ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నారు. మార్నీ పక్కింటావిడ దగ్గర ఏడుస్తూ ఉంటుంది. సంతకం పెట్టేసింది. గట్టిగా మందలించి వదిలారనే అనుకుంది ఇన్నాళ్లూ.

కవరుని మొదట రొట్టెల డబ్బా వెనక దాచింది. తర్వాత బీరువాలో, దుప్పట్ల మధ్య. మర్నాడు స్కూలు నుంచి ఫోన్ చేసి కాగితం వచ్చిందా అని అడిగితే ఇంకా రాలేదంది. ఫోన్ పెట్టేసి బీరువా తెరిచింది. మళ్లీ కవరు తీసి రొట్టెల డబ్బా వెనకే పెట్టింది.

సాయంత్రం మార్నీ రొట్టె తీసుకోబోయి చూసింది. పద్నాలుగేళ్ల పిల్ల. చదివేసి, నించున్న చోటే అడిగింది.

"ఆ పిల్లని నేనేనా?"

లియాన్ చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతిలో తువ్వాలు మడుస్తూ విప్పుతూనే ఉంది.

"నాకేం గుర్తులేదు," అంది మార్నీ. "మందు పనిచేసిందా?"

"రెండు గంటల్లో జ్వరం దిగింది."

"మరి అదెక్కడుంది ఇందులో?"

"దానికి గడి లేదు."

మార్నీ రొట్టెకి వెన్న రాసి తల్లి ముందు పెట్టింది. "రేపు వెళ్లు. నిన్ననే వచ్చిందని చెప్పు. రాలేదని అబద్ధమాడాననీ చెప్పు."

మిసెస్ ఫర్న్‌హిల్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పన్నెండేళ్ల కిందటిది, లియాన్. నన్ను బాధిస్తున్నది ఇది కాదు. లేవని ఎందుకు గీత పెట్టారు? నిన్న ఫోన్లో రాలేదని ఎందుకన్నారు?"

సారీ నాలుక చివరిదాకా వచ్చింది. లియాన్ దాన్ని మింగి, జరిగింది మొదటి నుంచి వరసగా చెప్పింది. వాన, వరుస, లాయరు వద్దనడం, డోనా మాట, చిన్నక్షరాలు, రొట్టెల డబ్బా. ఏదీ తగ్గించలేదు. చెప్పడం అయ్యేసరికి బయట పిల్లలు ఆటకి వదిలిన గోల మొదలైంది.

ఇప్పుడు చెప్పిందంతా ఒక పేజీలో రాసివ్వమంది మిసెస్ ఫర్న్‌హిల్. శుక్రవారం స్కూలు పాలకమండలి అధ్యక్షుడితో కూర్చుని తేలుస్తానంది. మాటివ్వలేనని కూడా అంది.

ఆ పేజీ నాలుగుసార్లు రాసింది లియాన్. నాలుగోది మార్నీ పెన్సిల్ పట్టుకుని చదివింది.

"అమ్మా, ఒక్క పేజీలో ఎనిమిది సారీలా? రాలేదని అబద్ధమాడినందుకు ఒకటి చాలు. జ్వరం మందు కొన్నందుకు ఎవరికి సారీ?"

మిగతా ఏడు సారీలూ కొట్టేసింది.

శుక్రవారం లియాన్ మధ్యాహ్నం దాకా బేకరీలోనే ఉండిపోయింది. మాంసం కూరి కాల్చిన పైల బేరం జోరుగా ఉన్నప్పుడు స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. లియాన్ కౌంటరు డోనాకి వదిలేసి, వెనక పిండి బస్తాల దగ్గరికి వెళ్లింది. అధ్యక్షుడు ఆ గీత గురించే గంటసేపు అడిగాడట. ఉద్యోగం ఉంటుంది, కాని మొదటి ఆరు నెలలు పనితీరు చూసే పరీక్షా కాలం. ఆ ఆరు నెలలూ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు.

"సోమవారం ఎనిమిదీ ముప్పావుకి వస్తారా?" అంది మిసెస్ ఫర్న్‌హిల్. "ఇంకో మాట. రేపు ఇంకెక్కడికి వెళ్లినా ఆ గడి అలాగే ఉంటుంది. ఈసారి వాళ్లు అడిగేదాకా ఆగకండి. మీరు రాసిన పేజీ ముందు ఇవ్వండి, ఆ కాగితం తర్వాత."

వస్తానంది లియాన్. ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు పిండి బస్తాకి ఆనుకుని నిలబడింది. కౌంటరు దగ్గర వరుస తలుపు దాకా వచ్చేసింది. డోనా అటు నుంచి కేకేస్తోంది. లియాన్ ముందుకు వచ్చి ఏప్రన్ సర్దుకుంది.

"ఎంతసేపే? వీళ్లంతా నిన్ను తిట్టుకుంటున్నారు."

"మూడు నిమిషాలు," అంది లియాన్, తర్వాతి మనిషి వైపు తిరుగుతూ.