మా ఆయన ఒప్పుకోలు

మా ఆయన ఆ రోజు బండి ఎక్కలేదు. ఈ ముక్క ఎంతమందికి చెప్పుకున్నానో నాకే గుర్తులేదు. ఆయనకి ఆ రోజు నూట మూడు జ్వరం. గుండుగొలనులో మా ఇంట్లో, దుప్పటి ముసుగు పెట్టి వణుకుతుంటే పొద్దుటి నుంచీ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేను. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి సూది వేసి వెళ్ళాడు. చీటీ రాసివ్వలేదు. అడిగి తీసుకోవాలని నాకు మాత్రం ఏం తెలుసు?

మా ఆయన పేరు యాకోబు. పదకొండేళ్ళుగా తాడేపల్లిగూడెంలో గంగాధరరావు దగ్గర డ్రైవరు. గంగాధరరావుది చేపల మేత ఏజెన్సీ. గోడౌన్లో మేత బస్తాలు లారీకెత్తించి కొల్లేటి వైపు చెరువులకు తోలడం మా ఆయన పని. మొన్నమొన్నటిదాకా నేనూ గంగాధరరావుగారనే అనేదాన్ని. ఇప్పుడు ఆ గారు నా నోట రావడం లేదు.

డ్రైవరు రాలేదు, చెరువుల వాళ్ళేమో మేత పంపుతారా లేదా అని ఒకటే ఫోన్లు. గంగాధరరావు కొడుకు జయంత్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను తోలుకెళ్తానని తాళం తీసుకున్నాడు. లారీ మాట దేవుడెరుగు, వాడికి కారు లైసెన్సు కూడా లేదు. మండవల్లి దాటాక చెరువు గట్టు మలుపులో, మోపెడ్ మీద ఎదురొస్తున్న వరదానం అనే మనిషిని గుద్దేశాడు. చెరువుల మీద కూలికెళ్ళే మనిషి. అక్కడికక్కడే ప్రాణం పోయింది. జయంత్ బండి వదిలేసి గట్ల వెంట పడి పారిపోయాడు. చూసినవాళ్ళు లేరు.

సాయంత్రం నాలుగింటికల్లా గంగాధరరావు మా గుమ్మంలో నిలబడ్డాడు. పదకొండేళ్ళలో మా ఇంటికి రావడం అదే మొదలు. చెప్పులు బయట విప్పి మరీ లోపలికొచ్చాడు.

కొడుకు సంగతి ముక్తసరిగా చెప్పేసి, చనిపోయినవాడి భార్య గురించే ఎక్కువ మాట్లాడాడు. పేరు రాజ్యమట, ఇద్దరు ఆడపిల్లలట, సెంటు భూమి లేదట. లైసెన్సు లేనివాడు తోలాడని తేలితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులు దులుపుకుంటుందట, వాళ్ళకి పైసా రాదట. లైసెన్సున్న డ్రైవరే తోలాడంటే మాత్రం కంపెనీ కట్టి తీరాలట.

“నా కోసం చెయ్యొద్దు యాకోబూ. ఆ ఆడకూతురి కోసం చెయ్యి. పొరపాటున జరిగిందంటే స్టేషన్లోనే బెయిలిచ్చి పంపేస్తారు” అన్నాడు.

మీ అబ్బాయి చేసింది తెచ్చి మా ఆయన నెత్తిన రుద్దుతారేంటండీ అని మొహం మీదే అడిగేశాను. నా నోటికి మా పేటలో అందరూ జడుస్తారు. మా ఆయన ఒక్కడే జడవడు. ఊరుకోమన్నట్టు చెయ్యెత్తాడు.

“నేను పనిలోకెళ్ళుంటే ఆ మనిషి బతికుండేవాడు హన్నమ్మా.”

ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా నేను ఎంత మొత్తుకున్నా దాన్ని వదల్లేదు. మర్నాడు పొద్దున్నే, జ్వరం తగ్గీ తగ్గకుండానే, చొక్కా వేసుకుని స్టేషన్‌కి వెళ్ళి తోలింది నేనేనని రాసిచ్చాడు. గంగాధరరావు చెప్పినట్టే బెయిలిచ్చి పంపేశారు. ఇంతేగా, అనవసరంగా హడలిపోయావు అని మా ఆయన నన్ను ఆటపట్టించాడు కూడా. నేను నవ్వలేదు.

మా ఆయన మా గుడిలో సంఘ పెద్ద. నెలకోసారి ప్రభువు బల్ల జరిగే ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే నలుగురిలో ఒకడు. కేసు సంగతి తెలిసి పాస్టరు ఎలీషా అయ్యగారు ఇంటికొచ్చారు. ఒక ప్రాణం పోయింది కాబట్టి సంఘం ముందు నిలబడి ఒప్పుకుని ప్రార్థన చేయించుకునేదాకా బల్లలో చెయ్యి పెట్టవద్దన్నారు. అయ్యగార్ని అనడానికి లేదు, మా గుడిలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే అది. రెండు నెలలు మా ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. పళ్ళెం ఆయన్ని దాటుకుని పోతుంటే తల దించుకునేవాడు.

అప్పుడే మొదలైంది. ఒకరోజు అన్నం కలుపుతూ, “మలుపులో ఇంకోసారి హారన్ కొట్టాల్సింది” అన్నాడు. ఎవరు కొట్టాల్సిందండీ అని అడిగాను. ఉలిక్కిపడి నా వంక చూసి, ఏం లేదులే అన్నాడు. ఇంకో రోజు నాకు చెప్పకుండా బస్సెక్కి మండవల్లి వెళ్ళి ఆ మలుపు చూసొచ్చాడు. గట్టు మీద బండి ఎక్కడ జారిందో, మోపెడ్ ఎటు పడిందో నాకు చేతులతో చూపించాడు. బ్రేకు మీద కాలేసినట్టు ఆయన కుడికాలు నేల మీద అదిమి ఉంది. మీరు మంచం మీద ఉన్నారండీ ఆ పూట, మర్చిపోతున్నారా అన్నాను. ఎలా మర్చిపోతానని విసుక్కున్నాడు. ఆ విసుగు నాకు నచ్చలేదు.

మూడో నెల బల్ల ఆదివారం ఆయన లేచి ముందుకు వెళ్ళాడు. అయ్యగారు కబురు పెడితే రాజ్యం కూడా పిల్లల్ని తీసుకుని వచ్చింది. గుడి నిండా జనం. లారీ తోలింది నేనేనండి, ఆ మనిషి నా చేతుల్లో పోయాడండి అన్నాడు. అయ్యగారు మెల్లగా, ప్రమాదం పాపం కాదు కదా యాకోబూ, నీ వల్ల జరిగిన పాపమేదైనా ఉంటే అది చెప్పు అన్నారు.

చెప్పడానికి ఏముంది ఆయన దగ్గర? నాకు వీపు మాత్రమే కనబడుతోంది. చాలాసేపు వెతుక్కున్నాడు పాపం. చివరికి, పన్నెండేళ్ళ కిందట మానేసిన మందు దొరికింది ఆయనకి.

“ఆ రోజు తాగి తోలానండి” అన్నాడు.

నేను ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి నిలబడ్డాను. పేటంతా జడిసే నోరు ఆ పూట పెగల్లేదు. ఈలోగా రాజ్యం వచ్చి, మోకాళ్ళ మీద కూలబడ్డ మా ఆయన తల మీద చెయ్యి పెట్టి, క్షమించానండి అంది. గుడంతా ఏడ్చింది. ఆ రోజు ఆయనకి రొట్టె ఇచ్చారు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహం అంత తేటగా ఉండడం నేను ఏళ్ళ తరబడి చూడలేదు. అది చూసి నాకు భయం వేసింది.

మా గుడి ఆరాధన ప్రతి ఆదివారం యూట్యూబులో లైవ్ వెళ్తుంది. ఆ వీడియో పది రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీ వకీలుకి, అక్కణ్ణుంచి స్టేషన్‌కి చేరింది. తాగి తోలి మనిషిని చంపితే పొరపాటు కిందికి రాదట. సెక్షన్ మారుతుందట, పదేళ్ళ దాకా జైలు పడొచ్చట. తాగానని ఎవడు చెప్పమన్నాడని గంగాధరరావు ఫోన్లో కేకలేసి, ఆ తర్వాత మా ఫోన్ ఎత్తడం మానేశాడు.

నేను ఒక్కదాన్నే ఏలూరు వెళ్ళి, కోర్టు వీధిలో అలేఖ్యగారనే లాయరమ్మని కలిశాను. మొదటి నుంచీ చివరిదాకా చెప్పి, ఇప్పుడు నిజం బయటపెడితే రాజ్యానికి డబ్బు రాకుండా పోతుంది కదండీ, అదొక్కటే మా ఆయన బెంగ అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

“అలాగని ఎవరు చెప్పారండీ? లైసెన్సు లేనివాడు తోలినా, పోయినవాళ్ళ కుటుంబానికి ముందు కంపెనీనే కట్టమని చాలా కేసుల్లో కోర్టు చెబుతుంది. ఆ తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది.”

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. మా ఆయన కాపాడింది రాజ్యాన్ని కాదు, గంగాధరరావు పొలాల్ని, వాడి కొడుకుని. ఆ కుర్చీలోనే కూర్చుని గంగాధరరావుని నోటికొచ్చినట్టు తిట్టాను. లాయరమ్మ మంచినీళ్ళు తెప్పించి, భార్యగా నేను చెబితే కుదరదని, చెయ్యని పాపం గుళ్ళో నిలబడి ఎవరైనా ఒప్పుకుంటారా అని కోర్టు అడుగుతుందని అంది. ఆయనే స్వయంగా వచ్చి చెబితే, కష్టమే గానీ దారి ఉందంది.

ఇంటికొచ్చి మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, అయితే ఎలా చూసినా రాజ్యానికి డబ్బు వస్తుందన్నమాట అన్నాడు. వస్తుందండీ, రేపే ఏలూరు వెళ్దాం పదండి అన్నాను.

“ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది హన్నమ్మా. ఇప్పుడు నేను కాదంటే, ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ ఏడవాలి.”

“మరి నేనో?” అన్నాను.



మర్నాడు పొద్దున తొమ్మిదింటికి జీపు వచ్చింది. పేటంతా బయటికొచ్చింది. అయ్యగారూ వచ్చారు. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. అరెస్టు కాగితం మీద ఇంట్లోవాళ్ళదో ఊరి పెద్దదో సంతకం కావాలని నా చేతికిచ్చాడు. మద్యం సేవించి అని ఉంది అందులో. నేను సంతకం పెట్టనన్నాను. జ్వరం సంగతి, సూది సంగతి, చెప్పులు విప్పి లోపలికొచ్చిన గంగాధరరావు సంగతి, అందరి ముందూ గొంతెత్తి చెప్పాను. ఎస్సై కాగితం మడవబోయి ఆగాడు. మా ఆయన వంక తిరిగి, ఏమయ్యా, ఆవిడ చెప్పేది నిజమేనా అని అడిగాడు.

పేటంతా ఆయన నోటి వంకే చూస్తోంది. నేనూ చూస్తున్నాను.

“మా ఆవిడకి నేనంటే ప్రాణమండీ” అన్నాడు. “అందుకే అలా అంటోంది.”

అయ్యో పాపం అన్నారు ఆడవాళ్ళు. అయ్యగారు ముందుకొచ్చి, నేను చెవులారా విన్నానండి అని నా బదులు సంతకం పెట్టారు. మా ఆయన చెప్పిన మాటలన్నిట్లోకీ నిజం, ఆయనంటే నాకు ప్రాణమన్నదొక్కటే. ఆ ఒక్క నిజంతోనే నా నోరు మూయించి, జీపెక్కి వెళ్ళిపోయాడు.