ఇవ్వనిది

బొద్దింకను గ్లాసులో పట్టి, పైన అట్టముక్క మూసి, దాన్ని చంపకుండా పెరట్లో వదిలొచ్చారాయన. గ్లాసు కడగడం మాత్రం ఆమె వంతు.

ఆయన బుద్ధుడి పంచశీలాలు వ్రతంగా తీసుకుని చాలాకాలమైంది. మాట తప్పే మనిషి కాదు, ఆ సంగతి ఆమె ఎక్కడైనా ఒప్పుకుంటుంది. ఆఫీసు పెన్ను పొరపాటున జేబులో వచ్చేసిందని సగం దారిలోంచి వెనక్కి వెళ్లి ఇచ్చొచ్చిన ఘనుడు. కూతురు ఆయనకి 'శీలంగారు' అని పేరు పెట్టింది. పౌర్ణమి వస్తే విహారంలోనే ఉండి, మధ్యాహ్నం దాటాక ఏమీ తినకుండా ధ్యానం చేసుకుంటారు. ఆ పూట ఆయన ఆకలికి తట్టుకోవాలని పెందలాడే లేచి వండేది, తెల్లబట్టలు ఇస్త్రీ చేసేది, మంచాన ఉన్న అత్తగారిని చూసుకునేది ఆమె. "నా శీలం నీ చేతిలోనే ఉందోయ్" అంటారు ముద్దుగా. ఆమె మురిసిపోతుంది కూడా. కానీ కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమెకీ చూడాలనుంది. కూరలు తరుగుతూ ఒకసారి ప్రయత్నించింది. వేలు తెగింది.

ఆ రోజు విహారం నుంచి భిక్షుణి భోజనానికి వచ్చారు. ఆమె అన్నీ బల్లమీద సర్ది, "కానివ్వండమ్మగారూ" అని మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి భిక్షుణి చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునున్నారు. ఏం లోపం జరిగిందోనని ఆయన కంగారుపడిపోతున్నారు.

"ఎవరైనా చేతికందిస్తేనే మేం తీసుకోవాలి తల్లీ," అన్నారు భిక్షుణి నవ్వుతూ. "ఎదురుగా ఉంది కదా, నాకోసమే కదా అని చెయ్యి పెట్టకూడదు."

ఆమె గిన్నె ఎత్తి రెండు చేతులతో అందించింది.

ఇద్దరి భోజనాలూ అయ్యాక భిక్షుణి ఆమెనడిగారు. "ఈ పౌర్ణమికి మీరూ రాకూడదూ?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఆవిడకెక్కడ కుదురుతుందమ్మగారూ! ఇల్లుంది, మా అమ్మ ఉంది. అయినా ఆవిడకి ఇందులోనే తృప్తి."

ఆయన ఎంగిలి కంచం తీస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. తన పగళ్లూ, పౌర్ణములూ, ఇప్పుడు తన తృప్తీ! అన్నీ ఎదురుగా ఉన్నాయని తీసేసుకున్నారు. దొంగబుద్ధితో కాదు పాపం. అడగాలని ఆయనకి తోచలేదు, ఇవ్వలేదని తనకీ తోచలేదు. ఒళ్లు మండింది. అంత మంటలోనూ ఆయన చొక్కాకి గుండీ ఊడినట్టు కనబడింది, తనమీద తనకే నవ్వొచ్చింది.

భిక్షుణిని సాగనంపి వచ్చాక అడిగింది. "ఏమండీ, మీ రెండో శీలం ఏమిటి?"

"ఇవ్వనిది తీసుకోను," బళ్లో పిల్లాడిలా ఠక్కున అప్పజెప్పారు.

"ఈ పౌర్ణమి నేను మీకివ్వలేదు."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. ఆనాడు జేబులో పెన్ను కనబడ్డప్పుడూ ఆయన ముఖం ఇలాగే ఉండి ఉంటుంది.

"మరి... ఇంతవరకూ తీసుకున్నవో?" అన్నారు గొంతు తగ్గించి.

ఆమెకి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"అవి ఇచ్చాననే అనుకోండి," అంది. "ఇదిగో, ఇదీ ఇస్తున్నా." ఎంగిలి కంచం ఎత్తి, రెండు చేతులతో ఆయనకందించింది.