గొంతు రాని యంత్రం

అక్క బటన్ నొక్కింది. కంప్యూటర్ లోపల ఫ్యాన్ తిరగడం వినిపించింది గానీ గొంతు రాలేదు.

చూపు పోయిన దగ్గర్నుంచి తెర మీది అక్షరాలన్నీ ఆ గొంతే ఆమెకు చదివి పెడుతుంది. ఆసుపత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేయడం ఆమె ఉద్యోగం. మధ్యాహ్నంలోగా ఒక ఆపరేషన్ రిపోర్టు పంపాలి. ఆపి మళ్ళీ వేసింది. స్పీకర్ తీగలు తడిమి చూసింది. చెల్లెలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెల్లెలు కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటుంది, అక్క కంప్యూటర్‌ను కూడా అక్కణ్ణుంచే నెట్ ద్వారా తెరిచి చూస్తుంటుంది. ఆ రోజు పరీక్షలు.

ఇక గత్యంతరం లేక పక్కింటి బస్సు కండక్టర్ని పిలిచింది.

"నల్లగా ఉందమ్మా. నాలుగైదు లైన్లున్నాయి, ఏదో ఒకటి ఎంచుకోమంటోంది," అన్నాడాయన. "మెమరీ టెస్ట్ అని ఉంది. టెస్ట్ అంటే మంచిదే కదా, నొక్కుతున్నా."

"ఆగండి!" అనేలోపే నొక్కేశాడు. తెర నిండా అంకెలు పరిగెత్తడం మొదలైంది. ఎలా ఆపాలో ఆయనకూ తెలియలేదు. తల గోక్కుంటూ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "పర్లేదండీ, ఆ రిపోర్టు ఇంకొకరికి ఇచ్చేశాం." ఆ గొంతులోని జాలికి అక్క ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం చెల్లెలు పరుగున వచ్చింది. తెర చూడగానే ఆమె మొహం పాలిపోయింది. మెనూకు తిరిగొచ్చి ఎంటర్ నొక్కితే గొంతు పలికింది.

"అసలేమైంది చిట్టీ?"

"కంప్యూటర్ లేచే ముందు ఏ సిస్టమ్ కావాలని ఒక మెనూ అడుగుతుందక్కా. అక్కడ గొంతు పనిచేయదు. అందుకే అది ఒక కూత కూసి, కాసేపాగి దానంతటదే ముందుకెళ్ళేలా పెట్టాను. కానీ తొందరలో కంప్యూటర్ తనే రాసుకునే ఫైల్లో మార్చేశాను. అప్‌డేట్ రాగానే అది మళ్ళీ కొత్తగా రాసేసుకుంది. నేను పెట్టినవన్నీ పోయాయి. ఎవరో ఒకరు ఎంటర్ నొక్కేదాకా అలాగే కూర్చుంది."

"ఆ మెనూ ఎప్పట్నుంచి ఉంది?"

"మొదట్నుంచీ ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఆ గొడవంతా నీకెందుకులే అని..."

"నీకెందుకులే!" అక్క గొంతు పెంచింది. "కళ్ళు పోయాక అందరూ నాతో అనేది ఆ మాటే. ఒక్క ఎంటర్. తెలిస్తే నొక్కేదాన్ని కదా! పక్కింటాయన్ని పిలిచి బతిమాలే పనుండేదా?"

"ఇప్పుడే సరిచేస్తా," అని చెల్లెలు కీబోర్డు మీదికి చెయ్యి చాచింది. అక్క ఆ చేతిని పక్కకు నెట్టింది.

"ఏ ఫైల్లో మార్చాలో చెప్పు. నేను చేస్తా."

మనం రాయవలసిన సెట్టింగుల ఫైలు వేరే ఉంది. మెనూ ఎంతసేపు ఆగాలో, ఏ కూత కూయాలో అందులో రాసి, ఒక ఆదేశం ఇస్తే కంప్యూటర్ తన ఫైలు తను తయారు చేసుకుంటుంది. చెల్లెలు చెబుతుంటే అక్క ఒక్కో అక్షరం వింటూ టైపు చేసింది. కూత లైను చివర కొటేషన్ గుర్తు పడలేదు. చెల్లెలు చూసింది. నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. చెబితే అక్కకు కోపం, చెప్పకపోతే తనకు భయం.

ఆదేశం ఇవ్వగానే తప్పుందంటూ గొంతు లైను నంబరు చదివింది. అక్క వెనక్కి వెళ్ళింది. ఆ లైను మళ్ళీ మళ్ళీ విని, గుర్తు పెట్టి, ఆదేశం మళ్ళీ ఇచ్చింది. ఈసారి తప్పులేమీ లేవు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. సన్నగా కూత వినిపించింది, కాసేపటికి గొంతు పలికింది.

చెల్లెలు నవ్వబోయింది. అక్క మాత్రం ఇంకా ఏదో టైపు చేస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"పాస్‌వర్డ్ మారుస్తున్నా."

"అంటే... నేనిక కాలేజీ నుంచి చూడలేనా?"

"అవసరమైతే నేనే పిలుస్తాలే." ఆ మాటలో కోపం లేదు. అదే చెల్లెల్ని ఎక్కువ బాధపెట్టింది.

అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని, మిగిలిన రికార్డింగు ఏదో తెరిచింది. చెల్లెలు సంచీ తీసుకుని బయటికి వచ్చింది.

మెట్ల దగ్గర కండక్టర్ ఎదురయ్యాడు. "బాగైందామ్మా? పొద్దున నావల్ల..."

"బాగైందండీ."

"మీరొస్తే అయిపోతుందని నాకు తెలుసు."

"నేను కాదు, అక్కే చేసుకుంది," అంది చెల్లెలు. గబగబా మెట్లు దిగిపోయింది.