యాభై మైళ్ళ టైరు

మా ఆయన వెర్లిన్ కారుతో వచ్చిన పుస్తకాన్ని బైబిల్ కన్నా భక్తిగా చదువుతాడు, బైబిల్ మీదైనా ఓ అనుమానం వస్తుందేమో గానీ దాని మీద రాదు, ఇదిగో ఆర్డిస్, గాలి పోయినా యాభై మైళ్ళు పరిగెత్తే టైర్లు, ఇంక జన్మలో రోడ్డు పక్క నిలబడక్కర్లేదు అన్నాడు నాతో, నిజమే, నిలబడలేదు, కూచున్నాం, ఈ టైర్ల కొట్టులో ప్లాస్టిక్ కుర్చీల మీద, గోడ గడియారంలో ఒంటిగంటా పది, మూడింటికి బిస్మార్క్ ఆసుపత్రిలో మా అక్క మార్విస్‌ని గుండె ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తారు, ఆలోపు ఒక్కసారి దాని చెయ్యి పట్టుకోవాలి, ఇంకా తొంభై మైళ్ళు, యాభై మైళ్ళ టైరు కొనే మనిషి మా వైపు ఊరికీ ఊరికీ ఎంత దూరమో చూసుకోవద్దూ, మేకు దిగిన దగ్గర్నుంచి నత్తలా వచ్చాం, దాటిపోయే ప్రతి పికప్పువాడూ స్టీరింగు మీంచి ఓ వేలెత్తి పలకరించడం, ఈయనా ఓ వేలెత్తడం, షికారుకొచ్చినట్టు, కొట్టు యజమాని డ్వేన్ వంగి చూసి, గాలి లేకుండా ఇంత దూరం నడిపారుగా, లోపలంతా నలిగిపోయింది, అతుకు వెయ్యకూడదు, ఈ సైజు ఎల్లుండి గానీ రాదు, ధర మామూలు దానికి రెట్టింపు, పోనీ స్పేరేదీ అన్నాడు, వీటికి స్పేరు అక్కర్లేదని ఇవ్వరటయ్యా అన్నాను, అది ఉండాల్సిన చోట మార్విస్ వాళ్ళింటికని ఓవెన్లో వండిన బంగాళదుంపల క్యాసరోల్ ఉంది, ఈ గట్టి టైర్ల కుదుపుకి అదీ నా నడుమూ కలిసే కదిలిపోయాయి.

నా పికప్ పట్టుకెళ్ళండి పెద్దాయనా అన్నాడు డ్వేన్, అబ్బే నీకెందుకయ్యా శ్రమ అన్నాడు ఈయన, శ్రమేముంది, తాళాలు బండికే ఉన్నాయి, వద్దులే ఏదో చూసుకుంటాం, అదీ మా వైపు మర్యాద, రెండుసార్లు వద్దనాలి, మూడోసారి అడిగితే సరే మరి అని లేవాలి, కాఫీకైనా కేకుకైనా అంతే, నేనప్పుడే సంచీ భుజానికి తగిలించాను, ఇంతలో ఫోన్ మోగింది, డ్వేన్ ఎవరిదో ట్రాక్టరు టైరు గోలలో పడిపోయాడు, మూడోసారి అడగలేదు, ఒంటిగంటా ఇరవై అయిదు.

ఈయన్ని కడిగేద్దామని ఇటు తిరిగాను, వెర్లిన్ ఎడం చేత్తో కుడి భుజం నొక్కుకుంటున్నాడు, మొన్న జనవరిలో పాత కారు టైరు పోయి, మంచుగాలిలో చక్రం నట్టు తిరక్క ఎంతసేపు మోకాళ్ళ మీద ఉన్నాడో, పక్కన నేను వణుకుతూ, చివరికి స్కూలు బస్సు నడిపే ఆవిడ ఎవరో ఆగి ఒక్క ఊపులో తిప్పేసింది, థాంక్స్ చెప్పాడు, ఇంటిదాకా ఆ భుజం పట్టుకునే నడిపాడు, ఆ వారమే ఈ కారు చూడ్డానికి వెళ్ళాడు, అయ్యో నా తెలివీ, పుస్తకం చూసి కాదు, నన్ను మళ్ళీ అలా చలిలో నిలబెట్టకూడదని కొన్నాడు ఈ మొండి టైర్లు, ఆ ముక్క చెబితే నోరరిగిపోయేదా, పోనీ నేనే అడుగుతాను బండి అని లేవబోయాను, నా కంటే ముందు ఆయన లేచాడు, టోపీ తీశాడు, డ్వేన్ ఫోన్ పెట్టేదాకా నిలబడి, బాబూ, ఇందాక వద్దన్నాను, తప్పు, ఈ టైర్లు కొనడమూ నా తప్పే, మా ఆవిడ వాళ్ళక్క దగ్గరికి వెళ్ళాలి, నీ బండి ఇస్తావా అన్నాడు.