కూసే పెట్టె

రెండువేల ఏడులో, నా భార్య పెర్సిస్ పోయిన ఏడాదికి, మా యజమాని సుబ్బరాజు గారు నేను నడిపే చేపల వ్యాన్‌కి రివర్స్ పెట్టె పెట్టించారు. వెనక ఏదైనా అడ్డముంటే అది కూస్తుంది. దగ్గరయ్యేకొద్దీ గబగబా కూస్తుంది.

"ఇది రోబోనయ్యా, సత్యానందం. ఇక మీ ఆవిడ లేని లోటు లేదు," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆకివీడు చెరువుల మీద పాతికేళ్లు నాకు వెనక కళ్లు పెర్సిసే. చేపలు ఏరే పని ఆపి వచ్చి గట్టు మీద నిలబడేది. వ్యాన్‌ని రెండుసార్లు చరిస్తే రావచ్చు. ఒకసారి చరిస్తే ఆగాలి. ఓ రోజు ఆమె ఒకసారే చరిచింది, నేను ఆగలేదు. చేపలు తూచే కాటా పాక గుంజ విరిగింది. రాజుగారు అడిగితే, "ఆవిడ సరిగా చెప్పలేదండి," అన్నాను. ఆయన నెల రోజులు ఆమెను పనిలోకి రానివ్వలేదు. ఆమె ఎదురుమాట అనలేదు. అలా ఊరుకున్నందుకు ఆమెను నేనింకా క్షమించలేదు.

మొదట్లో పెట్టెను తిట్టేవాణ్ణి. తర్వాత రేడియో కట్టేసి దాన్నే వినేవాణ్ణి. నాకు అరవై మూడేళ్లు, మెడ తిరగదు. రోజూ వెనక బంపర్‌లో ఉన్న దాని కళ్ల మీద బురద తుడిచేవాణ్ణి. పని లేకపోయినా షెడ్డు గోడ దాకా వెనక్కి నడిపి కూయించేవాణ్ణి.

"సరేలే, ఆగుతున్నాను," దానితో అనేవాణ్ణి.

శ్రావణంలో, వాన వెలిసిన పొద్దున, పెదపాడు దగ్గర చెరువు గట్టు మీద వ్యాన్‌ని వెనక్కి తీస్తున్నాను.

"ఏవండీ, ఆపండి! గట్టు జారిపోతోందండీ!" అని కూలీ గంగరాజు అరిచాడు.

పెట్టె కూయలేదు. నేను పెట్టెనే నమ్మాను. వెనక చక్రం చెరువులోకి దిగింది. చేపల ట్రేలన్నీ నీళ్లపాలయ్యాయి. దానికి అడ్డమే తెలుసు, ఖాళీ తెలియదు.

రాజుగారు వచ్చారు.

"ఆ దిక్కుమాలింది కూయలేదు కదూ? పీకించి పారేయిస్తాను. నువ్వు రేపట్నుంచి మళ్లీ బండెక్కు."

ఊ అంటే సరిపోయేది.

"పెట్టె బాగానే ఉందండి. గంగరాజు చెప్పాడు. నేనే వినలేదు."

"అలాగైతే నీకిక బండి ఇవ్వలేనయ్యా."

"ఇవ్వకండి."

తాళం ఆయన చేతిలో పెట్టాను. గంగరాజు కొంతదూరం నా వెంట వచ్చాడు.

"తప్పు పెట్టె మీదకి తోసేస్తే పోయేదిగా అండీ. అదేమన్నా ఎదురు చెబుతుందా?"

"చెప్పదు," అన్నాను.

ఏలూరు బస్సు కోసం రోడ్డు దాకా నడిచాను.