స్విచ్చి కట్టేసిన పుణ్యాత్ములు

ఆ రోజు పదకొండింటికి డింఫ్నా ఇంట్లో పూజ. మా పల్లెల్లో ఫాదర్ ఒక్కో ఏడు ఒక్కో ఇంటికొచ్చి పూజ చేస్తారు. వంతొచ్చిన ఇంట్లో ఏ చిన్న తప్పు జరిగినా మళ్లీ వంతొచ్చేదాకా జనం నోళ్లలో నానుతుంది. బ్రెహనీల ఇంట్లో ఓసారి రొట్టె మాడింది. వాళ్ల ముసలాయన పోయినప్పుడు శవపేటిక ముందు కూడా "మాడు బ్రెహనీ గారు" అనే చదివారు.

కోడలిగా వచ్చాక డింఫ్నాకిదే మొదటి వంతు. తనకలాంటి పేరు రాకూడదు, అంతే.

పదింబావుకి గోడలో ధన్‌మంది.

డింఫ్నా పరిగెత్తింది. అత్తగారు అసంప్టా పొయ్యి నిండా ఎండబెట్టిన పీట్ మట్టిగడ్డలు కుక్కేసింది, నరకంలో కట్టెల కొరత వచ్చినట్టు. ఆ పొయ్యి వెనకే బాయిలర్. పైపుకి కట్టిన థర్మోస్టాట్‌కి అరవై డిగ్రీలు తగిలితే మోటారు లేచి, వేణ్ణీళ్లని గదిగదినీ వెచ్చబెట్టే రేడియేటర్లలోకి తోలుతుంది. మోటారు ఆగిందా, నీళ్లు అక్కడే మరిగి గోడల్ని తంతాయి.

నడవాలో అల్మారా తెరిచింది. మోటారు స్విచ్చి కట్టేసి ఉంది. వేసింది.

"ఏవయ్యా కోల్మన్, ఇది నువ్వేనా?"

"నేను గీజరు కట్టానే. ఎర్ర దీపం వెలుగుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?" అన్నాడు మొగుడు.

"అది మోటారు! పక్కది గీజరు."

"రెండూ ఎర్రగానే ఉన్నాయిగా."

ఆ స్విచ్చిలు రెండూ బిగించింది ఈ మొగుడే. మా వైపు మనిషిని చంపినవాడికైనా టీ ఇస్తారు గానీ, గీజరు కట్టకుండా బయటికెళ్లినవాడి మొహం చూడరు. డింఫ్నా స్విచ్చి మీద "ముట్టుకోవద్దు" అని కాయితం అంటించింది.

జనం వచ్చారు. చలికోట్లు తగిలించడానికి ఆ అల్మారాకే వెళ్లారు. వెళ్లినవాళ్లంతా ఏదో ఘనకార్యం చేసిన మొహాలతో తిరిగొచ్చారు. ధన్! డింఫ్నా వెళ్లి చూస్తే కట్టేసి ఉంది. ఎవరో కాయితం కూడా నిటారుగా సర్దారు. వేసి వచ్చింది. ధన్! మళ్లీ కట్టేసి ఉంది.

పక్కింటి మాలకీ తాత చెవిలో అన్నాడు: "గీజరు మర్చిపోయావే పిల్లా. నేను కట్టేశాలే. ఎవరికీ చెప్పన్లే."

పూజ మొదలైంది. ప్రసంగం మధ్యలో ధన్, ధన్, ధన్!

"లోపలికి రండి," అన్నారు ఫాదర్ గెరాటీ.

"నా హయాంలో ఈ గోడలు నోరెత్తలేదు," అంది అసంప్టా.

పైపు మీది డిగ్రీల ముల్లు తొంభై ఆరు చూపిస్తోంది. అటక మీద నీళ్లతొట్టి గుర్రుమంటోంది. నోరెత్తితే పరువు పోతుంది, మూసుకుంటే ఇల్లు పోతుంది. డింఫ్నా లేచింది.

"ఫాదర్, ఆగండి! ఆ స్విచ్చి ఎవరు కట్టారు?"

ఒక చెయ్యి లేచింది. ఇంకోటి. గదిలో ఇరవై ముగ్గురుంటే ఇరవయ్యారు చేతులు లేచాయి. కొందరు రెండుసార్లు కట్టారట. ఆఖర్న ఫాదర్ చెయ్యి.

"స్విచ్చి మీదికి దానంతటదే పోయిందమ్మా," అన్నారాయన.

"గీజరు కాదర్రా అది, మోటారు! కుళాయిలన్నీ తిప్పండి. వేణ్ణీళ్లవే!"

పండగ బట్టల్లో ఊరంతా కుళాయిల మీద పడింది. మాలకీ తాత స్నానాలగదిలో ఆవిరిలో కలిసిపోయాడు. దగ్గుని బట్టి పట్టుకొచ్చారు. డింఫ్నా స్విచ్చి వేసి అక్కడే నిలబడింది. మోటారు గురకపెట్టింది. తొంభై. ఎనభై. డెబ్బై. గోడలు నోరు మూసుకున్నాయి.

"రావమ్మా, సత్ప్రసాదం," అని పిలిచారు ఫాదర్.

"నేను కదలను ఫాదర్."

ఆయనే అల్మారా దాకా వచ్చారు. కుడిచేత్తో భక్తిగా అప్పం అందించారు. ఎడంచెయ్యి మాత్రం ఆమె భుజం మీదుగా మెల్లగా ఎర్ర దీపం వైపు పోతోంది.

"ఆమెన్," అని డింఫ్నా ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.